మూడు చోట్లా ఒకే బుక్‌మార్కులు

చి. సంధ్యకు,

మామయ్య ఆశీస్సులు. విశాఖ ద్వారకానగర్ ఆఫీసులో ఎడ్జ్, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్, చేతిలో ఫోన్‌లో క్రోమ్, ఇలా మూడు బ్రౌజర్లు. జీఎస్టీ, ఈపీఎఫ్‌వో, జీవీఎంసీ ఇంటిపన్ను, కరెంటు బిల్లు లింకులు మూడింట్లో మూడు రకాలుగా ఉన్నాయని రాశావు. ఇవి ఒక దారికి వస్తాయి. కాకపోతే మొదటి సింక్ రోజున, అంటే వేర్వేరు చోట్ల ఉన్న బుక్‌మార్కుల్ని ఖాతా ద్వారా ఒకటి చేసే రోజున, తొందరపడకూడదు. ఎక్కువమందికి చెడేది ఆ పది నిమిషాల్లోనే.

ముందు కాపీలు తీసుకో. క్రోమ్‌లో, ఎడ్జ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కితే బుక్‌మార్కులు తెరుచుకుంటాయి. అక్కడి మెనూలో ‘ఎక్స్‌పోర్ట్’ అని ఉంటుంది, హెచ్‌టీఎంఎల్ ఫైలు ఇస్తుంది. ఏ బ్రౌజరైనా ఆ ఫైలు చదువుతుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఈ సౌకర్యం లేదు. ఫోన్‌లో సింక్ పెట్టి, అదే గూగుల్ ఖాతాతో ఇంటి కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి అక్కడి నుంచి తీయాలి. ఫైళ్ల పేర్లలో తేదీ, బ్రౌజరు పేరు పెట్టు.

తర్వాత ఒకదాన్ని అసలు ప్రతిగా ఎంచుకో. నీకైతే ఇంటి ఫైర్‌ఫాక్స్ మంచిది. మిగతా రెండింట్లో మాత్రమే ఉన్న లింకుల్ని అందులోకి చేర్చి, రెండేసిసార్లు ఉన్నవి తీసేయి. చచ్చిన లింకులు కూడా ఇప్పుడే చూసుకో. ఆదాయపు పన్ను పోర్టల్ 2021 జూన్ 7న ఇన్‌కంటాక్స్‌ఇండియాఈఫైలింగ్ నుంచి ఇన్‌కంటాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌కు మారింది. పాత చిరునామా ఇంకా ఉంటే తీసేయాల్సిందే. లాగిన్ అయ్యాక వచ్చే పేజీని బుక్‌మార్క్ చెయ్యకు, సెషన్ ముగిశాక ఆ లింకు తప్పు చూపిస్తుంది. మొదటి పేజీనే దాచు.

అసలు ప్రతి సిద్ధమయ్యాక మిగతా రెండింట్లో బుక్‌మార్కులు ఖాళీ చేసి, అప్పుడు సింక్ కలుపు. ఇది మాత్రం వదలొద్దు. సింక్ అనేది ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టదు, రెండింటినీ కలిపేస్తుంది. ఒకచోట ‘జీఎస్టీ’ అని, ఇంకోచోట ‘జీఎస్టీ పనులు’ అని ఫోల్డర్ ఉంటే రెండూ మిగులుతాయి. ఒకే లింకు రెండు చోట్ల కనిపిస్తుంది.

ఒక్కో బ్రౌజరు సొంత సింక్ ఆ బ్రౌజరు వరకే పనిచేస్తుంది. అందుకే నా మాట వింటే అన్నిచోట్లా ఒకే బ్రౌజరు పెట్టుకో. ఆఫీసులో ఫైర్‌ఫాక్స్ వేసుకోనిస్తారేమో అడుగు. ఫోన్‌లోనూ అదే వేసి, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సంస్థ ఖాతాతో మూడింటినీ కలిపితే పని అయిపోయినట్టే. ఖాతా పెట్టగానే రికవరీ కీ తీసి కాగితం మీద రాసిపెట్టు. అందులోని సమాచారం నీ పాస్‌వర్డ్‌తోనే తాళం పడి ఉంటుంది. పాస్‌వర్డ్ మరిచి మార్చుకుంటే, కీ లేకపోతే సర్వర్‌లో ఉన్నది తెరుచుకోదు. నీ కంప్యూటర్‌లో ఉన్నది మాత్రం ఉంటుంది.

ఆఫీసువాళ్లు ఒప్పుకోకపోతే ఫ్లోకస్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఉంది. ఉచితం, ఓపెన్ సోర్స్. గూగుల్ డ్రైవ్‌లోనో, అలాంటిదే అయిన నెక్స్ట్‌క్లౌడ్ అనే ఆన్‌లైన్ నిల్వలోనో ఒక ఫైలు పెట్టి, దాని ద్వారా బ్రౌజర్లను కలుపుతుంది. ఇంటి ఫైర్‌ఫాక్స్‌లో మొదట వేసి, ఒక్కసారి ‘పంపడం’ మాత్రమే జరిపించు. ఆఫీసు ఎడ్జ్‌లో అదే ఖాతా, అదే ఫైలు పేరు, ఆ ఫైలుకు తాళంగా పెట్టిన అదే పాస్‌ఫ్రేజ్ (పొడవాటి పాస్‌వర్డ్) ఇచ్చి, ఒక్కసారి ‘తెచ్చుకోవడం’ మాత్రమే జరిపించు. రెండు వైపులా సరిగ్గా కనిపించాకే రెండు దిక్కుల సింక్‌కు మార్చు. ఫోన్‌కు వేరే ఫ్లోకస్ యాప్ ఉంది గానీ, అది బుక్‌మార్కుల్ని తనలోనే చూపిస్తుంది, క్రోమ్‌లోకి ఎక్కించదు. ఫైర్‌ఫాక్స్‌లో బుక్‌మార్కులకు పెట్టిన ట్యాగులు (గుర్తు మాటలు) ఎడ్జ్‌లోకి రావు, అక్కడ వాటికి చోటు లేదు. ఫోల్డర్ల మీదే ఆధారపడు.

ఒకే దారి ఉండాలి. రెండు కంప్యూటర్లలో బ్రౌజరు సొంత సింక్ నడుస్తూ, రెండింట్లోనూ ఫ్లోకస్ కూడా ఉంటే, ఒకే మార్పు రెండు దారుల్లో తిరిగి వచ్చి లింకులు రెట్టింపవుతూ పోతాయి. ఒకే ఖాతా మీద ఉన్న ఫైర్‌ఫాక్స్‌లలో ఒక్కదాంట్లోనే ఫ్లోకస్ పెట్టు. ఎడ్జ్ సొంత సింక్‌లో ఫేవరెట్స్ (ఎడ్జ్‌లో బుక్‌మార్కుల పేరు అదే) ఆపెయ్.

సింక్ ఉంది కదా అని కాపీ మానేయకు. ఒకచోట పొరపాటున చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోతుంది. ఫైర్‌ఫాక్స్ తేదీలవారీగా కొన్ని పాత ప్రతులు తనంతట దాచుకుంటుంది, లైబ్రరీలో ‘రిస్టోర్’ కింద చూడు. పాతది తెస్తే ఇప్పుడున్న బుక్‌మార్కుల స్థానంలో అదే వస్తుందని గుర్తుంచుకో. ఇక సేవలే మూతపడొచ్చు. బ్రౌజర్ల మధ్య బుక్‌మార్కులు కలిపిన ఎక్స్‌మార్క్స్ 2018 మే 1న ఆగింది, లింకులు దాచుకునే పాకెట్ 2025 జూలై 8న ఆగింది. అందుకని నెలకోసారి హెచ్‌టీఎంఎల్ ఫైలు తీసి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి ఉంచు. మన ఊళ్లో ఉప్పుగాలికి కంప్యూటర్ బోర్డులు తుప్పు పడతాయి, పెన్‌డ్రైవ్ పిన్నులూ అంతే. ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఆఫీసు సిస్టమ్‌లో నీ సొంత ఖాతా పెడితే ఏమేం సింక్ అవ్వాలో ఎంచుకునే చోట బుక్‌మార్కులు మాత్రమే ఉంచి పాస్‌వర్డులు, హిస్టరీ, కార్డు వివరాలు ఆపు. ఇది మొదటి సింక్‌కు ముందే చేయాలి, ఒకసారి దిగిన పాస్‌వర్డులు తర్వాత ఆపినా ఆ యంత్రంలో మిగిలే ఉండొచ్చు. ఎప్పుడైనా ఆ ఆఫీసు మానేస్తే ఆ సిస్టమ్‌లో సైన్ అవుట్ చేసి, లోపలున్న సమాచారం చెరిపి, ఇంటికొచ్చాక మొజిల్లా ఖాతాలోని పరికరాల జాబితా నుంచి ఆ పేరు తీసెయ్.

ఇట్లు,
మామయ్య