25 వేలలో బీకాం చదివే అమ్మాయికి ఏ లాప్‌టాప్ కొనాలి?

నమస్తే అండీ. మీ అమ్మాయికి ట్యాలీ, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసుల కోసం 25 వేలలో కొత్తది కొనాలా, ఆఫీసుల్లో వాడి అమ్మేసిన బిజినెస్ లాప్‌టాప్ కొనాలా అని అడిగారు. నేనైతే రెండోదే కొనమంటాను. కాకపోతే డబ్బు కట్టే ముందు షాపులో అరగంట కూర్చుని అన్నీ చూసుకోండి.

నాది జీఎస్టీ రిటర్నులు వేసే పని. రెండేళ్ల కిందట సికింద్రాబాద్‌లో సెకండ్ హ్యాండ్ లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 తీసుకున్నాను, 2018 మోడల్. రోజూ ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా దానిమీదే పని. దాని కీబోర్డ్ నాకు ప్రాణం. మీట దిగిన సంగతి వేలికి స్పష్టంగా తెలుస్తుంది, బిల్లు చూస్తూ అంకెలు కొట్టుకుంటూ పోవచ్చు. 8 జీబీ ర్యామ్‌తో వచ్చింది. రెండు స్లాట్లు ఉంటాయి కాబట్టి ఖాళీగా ఉన్నదాంట్లో ఇంకో 8 జీబీ వేయించాను. చౌకలో వచ్చే కొత్తవాటిలో కొన్నిటికి ర్యామ్ బోర్డు మీదే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకుందామంటే కుదరదు.

నేను దెబ్బతిన్నది బ్యాటరీ దగ్గర. ఈ మోడల్‌కు లోపల ఒకటి, వెనక తీసి పెట్టుకునేది ఒకటి ఉంటాయి. వెనకది ఖాళీ అయితే లోపలిది అందుకోవాలి. కొన్న మొదటి నెలే, 20వ తారీఖు సాయంత్రం, 3బీ రిటర్నులకు ఆఖరి రోజు, కరెంటు పోయింది. వెనకది అయిపోగానే, లోపలిదాంట్లో ఇంకా 30 శాతం చూపిస్తుండగానే ఠక్కున ఆగిపోయింది. ఇద్దరు క్లయింట్ల పని మిగిలే ఉంది. ఫోన్ వెలుగులో పక్కింటి ఇన్వర్టర్ దగ్గరికి పరుగెత్తాను. మర్నాడు షాపాయన బ్యాటరీ మార్చి ఇచ్చాడు గానీ ఆ సాయంత్రం పడిన కంగారు నాకింకా గుర్తే.

అందుకే షాపులోనే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ, ఒక స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టించండి. రిపోర్ట్ ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తుంది, ఆ ఫైల్ తెరిస్తే వచ్చే పేజీలో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ వేసి ఇమ్మనండి, లేదా ధర తగ్గించమనండి.

ప్రాసెసర్ నంబరు మీరే చదవండి. ఇంటెల్ ఐ5 తర్వాత 8250 లాగా 8తో మొదలైతే అది 8వ జనరేషన్, కనీసం అదైనా ఉండాలి. టీ470 చూడ్డానికి అచ్చం టీ480 లాగే ఉంటుంది గానీ అందులో 6, 7 జనరేషన్లు వస్తాయి, వాటికి విండోస్ 11 అధికారికంగా పడదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. స్క్రీన్ 1920 బై 1080 ఉన్నదే తీసుకోండి. 1366 బై 768లో ఎక్సెల్ కాలమ్స్ తక్కువే కనిపిస్తాయి, అమ్మాయి పొద్దస్తమానం పక్కకు జరుపుకుంటూ కూర్చోవాలి.

ఇంకొకటి. థింక్‌ప్యాడ్ అయితే రీస్టార్ట్ చేసి, లోగో రాగానే ఎఫ్1 నొక్కండి, బయోస్ అనే లోపలి సెట్టింగులు తెరుచుకోవాలి. పాస్‌వర్డ్ అడిగిందా, ఎంత చౌకగా ఇస్తానన్నా ఆ మిషన్ వదిలేయండి. అది పాత కంపెనీ వాళ్లు పెట్టిన తాళం, తీయించడం పెద్ద తలనొప్పి.

టీ480 బరువు కిలోన్నర దాటుతుంది. కాలేజీకి రోజూ బస్సులో మోసుకెళ్లేదైతే అమ్మాయిని వెంట తీసుకెళ్లి, ఒకసారి బ్యాగులో పెట్టి భుజానికి వేసుకోమనండి.