యాసంగి అయిపోయాక ట్రాక్టర్ టైర్ల సంగతి

అల్లుడూ,

నువ్వు కొన్న పాత ట్రాక్టర్ ఫొటో చూశాను. బండి బాగుంది. ఇంజన్ సంగతి మెకానిక్ చూసుకుంటాడు, దాంట్లో నేను చెప్పేదేం లేదు. నా కళ్లు టైర్ల మీదికే పోయాయి. కోతలు అయిపోయాయి, వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్‌కు చేరాయి, బండిని తెచ్చి దొడ్లో వేపచెట్టు కింద నిలబెట్టావు. పొద్దున అది నీడే. మధ్యాహ్నం దాటితే పడమటి ఎండంతా ఒక పక్క టైర్ల మీదే పడుతుంది. మన వరంగల్ దిక్కు మే నెలలో 44, 45 డిగ్రీలు ఎవరికీ వింత కాదు. దున్నితే అరిగేవి టైరు పళ్లు, ఎండలో నిలబెడితే పగిలేవి టైరు పక్కలు. పళ్లు అరిగినా ఇంకో పంటకాలం నెట్టుకురావచ్చు. పక్క పగిలి లోపలి దారాలు కనబడ్డాయంటే ఆ టైరు పని అయిపోయినట్టే. వెనక జత ఖరీదు ఎంతో నిన్న బండి కొన్నవాడివి, నీకే బాగా తెలుసు.

అందుకని ముందు బండిని కొట్టంలోకి తోలు. కొట్టం చాలకపోతే టైర్ల వరకైనా పాత గోనె పట్టాలు కప్పు. అయితే మీ కొట్టంలో బోరు మోటరు సామాను, వెల్డింగ్ మిషన్ ఉన్నాయని అక్క చెప్పింది. వెల్డింగ్ మెరుపుల దగ్గర, నిప్పురవ్వలు లేచే మోటర్ల దగ్గర ఓజోన్ అనే వాయువు పుడుతుంది. అది రబ్బరును కొరికి సన్నటి పగుళ్లు తెస్తుంది. బండి ఒక మూల, అవి ఇంకో మూల ఉండనీ. యూరియా బస్తాలు కూడా చక్రాలకు ఆనించి పేర్చొద్దు. చెమ్మ తగిలి అది కరిగితే రిమ్ము తుప్పు పడుతుంది, తుప్పు పొక్కులు ట్యూబును కోస్తాయి. కింద డీజిల్, ఆయిల్ మరకలుంటే ఇసుక చల్లి ఊడ్చెయ్.

డీజిల్ అంటే గుర్తొచ్చింది. దసరాకు బండి పూజ చేసేటప్పుడు మన ఊళ్లల్లో టైర్లు నల్లగా మెరవాలని కాలిన ఆయిల్లో డీజిల్ కలిపి గుడ్డతో రుద్దుతారు. ఆ పూటకు కొత్తవాటిలాగే ఉంటాయి, కాదనను. కానీ ఆయిల్ పీల్చుకున్న రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సబ్బునీళ్లతో కడిగితే చాలు, అమ్మవారేమీ కోపగించుకోదు.

ఇక బండిని దిమ్మెల మీద ఎత్తాలా అని అడిగావు. నెల, నెలన్నర ఆగే ట్రాక్టర్‌కు అంత తిప్పలు అక్కర్లేదు. గాలి సరిగ్గా ఉంచి, పదిహేను రోజులకోసారి స్టార్ట్ చేసి అరచుట్టు ముందుకు జరుపు. బరువు ఒకే చోట పడి టైరు అణగకుండా ఉంటుంది, బ్యాటరీకీ మంచిదే. ట్రాలీని మాత్రం ఎత్తు. అది నెలల తరబడి కదలదు. గట్టి నేల మీద చక్రాలకు అడ్డం రాళ్లు పెట్టి, జాకీతో లేపి, యాక్సిల్ కింద మంచి కట్టె దిమ్మెలు పెట్టు. ఇటుకలు వద్దు, ఒక్కసారి పగిలాయంటే ప్రాణం మీదికి వస్తుంది. జాకీ మీదే వదిలెయ్యడం అంతకన్నా వద్దు. టైరు కింద వేలు దూరేంత సందుంటే సరిపోతుంది.

గాలి దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. లారీలకు కొట్టే షాపుకు తీసుకెళ్లి "కొట్టు అన్నా" అంటే వాడు తన అలవాటు ప్రకారం కొడతాడు. ట్రాక్టర్ వెనక టైరుకు పొలంలో 12 నుంచి 16 పాయింట్ల (పీఎస్ఐ) దాకా చాలు, రోడ్డు మీద ట్రాలీ లాగేటప్పుడు కొంచెం పెంచాలి. ముందు టైర్లకు 24 నుంచి 32 దాకా. నీ టైరు సైజుకు సరైన లెక్క కంపెనీ పుస్తకంలో ఉంటుంది, అదే పట్టుకో. లారీ గేజీలో 12కూ 18కూ తేడా సరిగ్గా తెలియదు, తక్కువ పాయింట్లు చూపే గేజీ వేరే దొరుకుతుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడు. మధ్యాహ్నం వేడికి గాలి పెరిగిందని తీసేస్తే తెల్లారేసరికి తక్కువ పడుతుంది.

నీ వెనక టైర్లలో బరువు కోసం నీళ్లు నింపి ఉన్నాయేమో పాత ఓనర్‌ని అడుగు. ఉంటే ఒక్కో దాంట్లో 150 లీటర్లకు పైనే ఉండొచ్చు. అప్పుడు వాల్వు పైకి వచ్చేలా చక్రం ఆపి గాలి చూడాలి, లేకపోతే నీళ్లు గేజీలోకి చిమ్ముతాయి.

గాలి తక్కువైందో లేదో పొలంలో తెలుసుకోవడానికి ఒక కిటుకు ఉంది. చాక్‌పీస్‌తో రిమ్ము మీద నుంచి టైరు మీదికి ఒకటే గీత గియ్యి. సాయంత్రం దున్ని వచ్చాక గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే గాలి తక్కువై రిమ్ములో టైరు జారుతోందని అర్థం. అట్లాగే నడిపితే ట్యూబు వాల్వు మొదలు దగ్గర తెగుతుంది. పంచర్ వేసేవాడు దానికి ఏమీ చెయ్యలేడు, ట్యూబే మార్చాలి.

మీది నల్లరేగడి, పత్తి చేను. పత్తికట్టె నరికిన మొదళ్లు ఏటవాలుగా, ఈటె మొనల్లా నిలబడి ఉంటాయి. అడ్డంగా తోలొద్దు. సాళ్ల వెంట, మొదళ్ల నడుమ టైరు పోయేలా తోలు. మక్క కొయ్యలకూ ఇంతే. గట్ల మీద సర్కారు తుమ్మ కొట్టిన కంప ఉంటే ముందు దాన్ని పక్కకు తీయించు. ఇంటికొచ్చాక పళ్ల మధ్య ఇరికిన ముల్లు, రాయి స్క్రూడ్రైవర్‌తో తీసెయ్, లేకపోతే లోపలికి దిగుతాయి.

విప్పి పెట్టిన టైర్లు నిలబెట్టు, అప్పుడప్పుడు కొంచెం తిప్పు. కొక్కేనికి వేలాడదీయొద్దు. ట్యూబుకు పౌడర్ చల్లి, గుండ్రంగా ఉండేంత గాలితో ఉంచు. బయట పడేసిన పాత టైర్లలో వాననీళ్లు నిలిస్తే డెంగీ దోమలు పెరుగుతాయి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నా. టైరు ఉండగా రిమ్ముకు వెల్డింగ్ చేయించొద్దు. గాలి తీసినా సరే, వేడికి లోపలి రబ్బరు ఆవిరి అంటుకుని టైరు బాంబులా పేలుతుంది. మనుషులు పోయారు. టైరు విప్పి దూరం పెట్టాకే వెల్డర్‌ను ముట్టుకోనివ్వు. కొత్త టైరు రిమ్ములో కూర్చోబెట్టేటప్పుడు కూడా 35 పాయింట్లు దాటనివ్వొద్దు, నువ్వు రిమ్ముకు, టైరు పక్కలకు ఎదురుగా నిలబడొద్దు, పళ్లు ఉన్న వైపు దూరంగా నిలబడు.

ఇంకోటి, టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది. 3521 అని ఉంటే 2021లో 35వ వారం తయారైందని. నీ నాలుగు టైర్లవీ ఫొటో తీసి పంపు. వచ్చే ఆదివారం నర్సంపేట దాకా పని ఉంది, గేజీ పట్టుకుని అటే వస్తా. దిమ్మెలకు నాలుగు కట్టెముక్కలు చూసి పెట్టు.

మీ మామ