బొమ్మలో కానుక ఎవరికి?

ప్రశ్న: యాన్ స్టేన్ వేసిన ‘సెయింట్ నికొలస్ పండగ’ అచ్చు ప్రతి మా ఇంట్లో ఉంది. కానుకలు పంచే పండగ కదా, అందులో ఒక అబ్బాయి ఏడుస్తున్నాడేం? వస్తువులకు అర్థాలున్నాయా?

జవాబు: ఉన్నాయి. కానీ ముందు చేతులు, చూపులు చూడండి, వస్తువుల సంగతి తర్వాత. 1665-68 మధ్య వేసిన ఈ చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 82, వెడల్పు 70.5 సెంటీమీటర్లు. డచ్చివాళ్ళ ఇళ్ళలో డిసెంబరు 5 పండగకి పిల్లలు బూట్లు పెట్టి ఎదురుచూస్తారు. బుద్ధిమంతులకు మిఠాయిలు, అల్లరివాళ్ళకు దెబ్బలు కొట్టే పుల్లల కట్ట. ఏడ్చే కుర్రాడికి దక్కింది ఆ కట్టే. వెనకున్న అమ్మాయి పట్టుకున్న బూటులో కనిపిస్తుంది. చిన్నవాడొకడు నవ్వుతూ వేలెత్తి చూపిస్తున్నాడు. మధ్యలో పాపాయి, అమ్మ చేతులు చాచినా ఇవ్వనంటూ బొమ్మను గుండెకి అదుముకుంది. చేతికి వేలాడే బక్కెట్టు నిండా కానుకలే.

మంచికి బహుమతి, చెడుకు శిక్ష అని చాలామంది ఇక్కడే తేల్చేస్తారు. వెనక మంచం తెర దగ్గరున్న ముసలమ్మను చూడకపోవడం వల్ల వచ్చే పొరపాటిది. ఆవిడ తెర పక్కకు తీసి, మనవణ్ణి సైగ చేసి పిలుస్తోంది. వాడికీ ఏదో దాచి ఉంచిందని సూచన. కళ్ళు తుడుచుకుంటున్న వాడికి ఆ సైగ ఇంకా కనబడలేదు, మనకు కనబడింది. నా మటుకు ఈ చిత్రానికి ప్రాణం ఆ చెయ్యే.

ఇక పాపాయి బొమ్మ: అది కాథలిక్కులు కొలిచే సెయింట్, బాప్తిస్మమిచ్చే యోహాను. స్టేన్ కాథలిక్. ఆ దేశంలో అప్పుడు పైచేయి ప్రొటెస్టంట్లది. కొన్ని ఊళ్ళలో ఈ పండగ బొమ్మల, రొట్టెల అమ్మకాన్నే నిషేధించారు. కనుక ఆ కౌగిలిలో ఇంటి విశ్వాసం కూడా ఉంది. కుడివైపు ఆనించిన పొడుగాటి రొట్టె మాత్రం పండగ రొట్టె, అంతే. దానికి గూఢార్థం వెతకకండి.

ప్రశ్న: సబ్బు బుడగలు ఊదే అబ్బాయి బొమ్మ చిత్రమా, ప్రకటనా?

జవాబు: రెండూ. 1886లో ఇంగ్లీషు చిత్రకారుడు మిలే తన మనవణ్ణి కూర్చోబెట్టి వేశాడు. మొదటి పేరుకు అర్థం ‘పిల్లవాడి లోకం’. తర్వాత పియర్స్ సబ్బు వాళ్ళు ప్రకటనకు వాడుకున్నారు. బుడగ అంటే మన ‘నీటిబుడగ బతుకే’. ఒక పక్క కుండీలో ఎదిగే మొక్క, మరో పక్క పగిలిన కుండ చూడండి. మీ ప్రతిలో అబ్బాయి దగ్గర సబ్బు బిళ్ళ కూడా కనిపిస్తే, అది ప్రకటన కోసం చేర్చిన అచ్చు.