మెషిన్ డ్రాయింగుకీ ప్యానెల్ వైరింగుకీ ఒకే సాఫ్ట్‌వేర్ సరిపోతుందా? ప్రింట్‌లో కొలతలు ఎందుకు తప్పుతున్నాయి?

మీరు అడిగినవి రెండు. బ్రాకెట్లు, ప్లేట్ల డ్రాయింగులకీ కంట్రోల్ ప్యానెల్ వైరింగ్ బొమ్మలకీ కలిపి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? లిబ్రెక్యాడ్‌లో (గీతల డ్రాయింగులకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్) సరిగ్గానే గీసినా ప్రింట్ మీద స్కేలు పెడితే కొలత ఎందుకు తేడా వస్తోంది? రెండోది లిబ్రెక్యాడ్ లోపం కాదు. దానికోసం సాఫ్ట్‌వేర్ మారిస్తే అదే తప్పు అక్కడా ఎదురవుతుంది.

ముందు ఎంపిక సంగతి. ప్లేట్ డ్రాయింగులో గీత పొడవే అసలు విషయం. వైరింగ్ బొమ్మలో గీత 40 మి.మీ. ఉన్నా 60 ఉన్నా ఎవరికీ పట్టదు. ఏ టెర్మినల్‌లో (వైరు బిగించే చోట) బయల్దేరి ఎక్కడ చేరిందన్నదే కావాలి. మామూలు క్యాడ్‌కి (కంప్యూటర్‌లో డ్రాయింగ్ గీసే సాఫ్ట్‌వేర్‌కి) ఆ గీత ఒక వైరు అని తెలియదు. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కాయిల్ రెండో షీట్‌లో, ఆ కాయిల్ కదిపే కాంటాక్ట్ ఐదో షీట్‌లో ఉంటే ఆ షీట్ నంబర్లు మీరే చేత్తో రాసుకోవాలి. మధ్యలో ఒక షీట్ చేర్చారంటే అన్నీ మళ్లీ దిద్దాలి, ఒక్కటి మరిచిపోయినా ప్యానెల్ కట్టేవాళ్లు తప్పు చోట వెతుకుతారు. అందుకని వైరింగుకు క్యూఎలక్ట్రోటెక్ వాడండి. కాయిల్‌కీ కాంటాక్ట్‌కీ ఒకసారి లింకు ఇస్తే షీట్ నంబర్లు అదే చూసుకుంటుంది. సర్క్యూట్ బోర్డు కూడా తయారు చేయాల్సి వస్తే కీక్యాడ్. ఇవి రెండూ ఉచితమే కాబట్టి అన్నిటికీ ఒకే సాఫ్ట్‌వేర్ ఉండాలని పట్టుబట్టడంలో లాభం లేదు.

ఇక ప్లేట్లు, బ్రాకెట్లు. ఇక్కడ ముందు తేల్చుకోవాల్సింది మీ ఫైలు ఎవరి చేతికి వెళ్తుందన్నది. అవతలివాళ్లు డీడబ్ల్యూజీలోనే (ఆటోక్యాడ్ సొంత ఫైలు ఫార్మాట్) కావాలంటే ఆటోక్యాడో, ఆ ఫార్మాట్‌లో సేవ్ చేయగల క్యూక్యాడ్ ప్రొఫెషనలో కావాలి. లిబ్రెక్యాడ్ డీడబ్ల్యూజీని కొంతవరకు చదువుతుంది గానీ అందులో సేవ్ చేయలేదు. డీఎక్స్ఎఫ్ (వేర్వేరు క్యాడ్‌ల మధ్య డ్రాయింగులు ఇచ్చిపుచ్చుకునే ఫార్మాట్) చాలంటే లిబ్రెక్యాడ్ బాగా సరిపోతుంది, కటింగ్ పనికి ఎక్కువగా అడిగేదీ డీఎక్స్ఎఫ్‌నే. ఒకే భాగం పదే పదే మారుతూ, దానికి మూడు వ్యూలూ (ముందు, పై, పక్క నుంచి కనిపించే బొమ్మలు) సెక్షనూ (కోసి లోపల చూపే బొమ్మ) కావాల్సి వస్తే మాత్రం ఫ్రీక్యాడ్‌కి వెళ్లండి. త్రీడీ మోడల్‌లో ఒక కొలత మారిస్తే టెక్‌డ్రా (ఫ్రీక్యాడ్‌లో డ్రాయింగ్ షీట్లు తయారుచేసే భాగం) షీట్‌లో వ్యూలన్నీ వాటంతటవే మారతాయి. 2024లో వచ్చిన 1.0 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ తీసుకోండి. పాతవాటిలో మొదటి స్కెచ్ మారిస్తే దాని మీద కట్టిన రంధ్రాలు, ఫిల్లెట్లు (గుండ్రం చేసిన అంచులు) తరచూ విరిగిపోయేవి, 1.0లో ఆ బెడద చాలా తగ్గింది.

ఇప్పుడు కొలతల తేడా. ఎప్పుడూ అసలు సైజులోనే, అంటే 1:1లోనే గీయండి. 2000 మి.మీ. ఫ్రేము అంటే స్క్రీన్ మీద కూడా 2000 యూనిట్లే. స్కేల్ (అసలు సైజుకీ కాగితం మీది సైజుకీ ఉన్న నిష్పత్తి) అనేది కాగితానికి సంబంధించింది, బొమ్మకి కాదు. కాగితంలో పట్టాలని ముందే కుదించి గీశారంటే డైమెన్షన్ (గీతని కొలిచి సాఫ్ట్‌వేర్ రాసే కొలత) కుదించిన అంకెనే చూపిస్తుంది. అప్పుడు ఆ అంకె చెరిపి అసలు కొలత చేత్తో టైప్ చేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. టైప్ చేసిన అంకెకి కింద ఉన్న గీతతో సంబంధం తెగిపోతుంది: డ్రాయింగ్ మీద 40 అని ఉంటుంది, ఫైలు ప్రకారం కోసిన ముక్క 38.5 వస్తుంది.

లిబ్రెక్యాడ్‌లో కరెంట్ డ్రాయింగ్ ప్రిఫరెన్సెస్ తెరిచి యూనిట్ మిల్లీమీటర్ అని ఉందో లేదో చూడండి. అంగుళాలని ఉంటే ప్రింట్ 25.4 రెట్లు పెరుగుతుంది. ఆ తర్వాత ప్రింట్ ప్రివ్యూలో ఫిట్ టు పేజ్ వదిలేసి 1:1, 1:5 లాంటి కచ్చితమైన స్కేల్ ఎంచుకోండి. మీ తేడా 3 నుంచి 6 శాతం మధ్య ఉంటే కారణం బహుశా ఇంకోచోట ఉంది: పీడీఎఫ్ ప్రింట్ చేసేటప్పుడు కూడా పేజీకి సరిపెట్టే ఆప్షన్ ఉంటుంది, అది తీసేసి 100 శాతం పెట్టాలి. ప్రతి షీట్ మూలా కాగితం మీద సరిగ్గా 100 మి.మీ. వచ్చేలా ఒక గీత పెట్టండి, 1:5లో అయితే అది 500 యూనిట్లు. ప్రింట్ రాగానే ముందు దాన్నే కొలవండి. 100 రాకపోతే మిగతా కొలతలు చూడక్కర్లేదు.

అక్షరాల ఎత్తు దగ్గరా చాలామంది తడబడతారు. కాగితం మీద 2.5 మి.మీ. కావాలంటే 1:50 డ్రాయింగులో 125 యూనిట్లు ఇవ్వాలి. డైమెన్షన్లకైతే ఒక్కొక్కటీ మార్చక్కర్లేదు, డైమెన్షన్ సెట్టింగుల్లో జనరల్ స్కేల్ 50 చేసి ఎత్తు 2.5గానే ఉంచండి. ఆటోక్యాడ్‌లో ఈ లెక్క అవసరం లేకుండా టైటిల్ బ్లాక్ (పేరు, స్కేల్ రాసే గడి), నోట్సు లేఅవుట్‌లో (ప్రింట్ అయ్యే కాగితం పేజీ) పెట్టి, బొమ్మని వ్యూపోర్ట్‌లో (ఆ పేజీలో బొమ్మ కనిపించే కిటికీ) స్కేల్ ఇచ్చి లాక్ చేస్తారు. లాక్ మరిచిపోయి వ్యూపోర్ట్ లోపల మౌస్ చక్రం తిప్పితే స్కేల్ మీకు తెలియకుండానే మారిపోతుంది.

గీతల మందం: అవుట్‌లైన్‌కి 0.5, సెంటర్ లైన్లు, దాగిన అంచులు, డైమెన్షన్లు, హ్యాచింగుకి (కోసిన భాగాన్ని నింపే ఏటవాలు గీతలు) 0.25 మి.మీ. వీటిని లేయర్‌కే (ఒకే రకం గీతలన్నీ ఉంచే పొర) ఇవ్వండి, విడివిడి గీతలకి వద్దు. బ్లాక్‌గా (పదే పదే చొప్పించుకునే రెడీ బొమ్మ) చేసే బోల్టులు, సింబల్స్ 0 లేయర్‌లో గీస్తే ఏ లేయర్‌లో చొప్పిస్తే ఆ లేయర్ రంగూ మందమూ తీసుకుంటాయి.

కటింగుకి పంపే ఫైలులో అవుట్‌లైనూ రంధ్రాలూ తప్ప ఇంకేమీ ఉండకూడదు. డైమెన్షన్లు, సెంటర్ లైన్లు తీసేసిన వేరే కాపీ పంపండి. ఒకదాని మీద ఒకటి పడిన రెండు గీతలు కంటికి ఒకటిగానే కనిపిస్తాయి, మెషిన్ మాత్రం అక్కడ రెండుసార్లు కోస్తుంది. ఆటోక్యాడ్‌లో ఓవర్‌కిల్ కమాండ్ వీటిని ఏరేస్తుంది. లిబ్రెక్యాడ్‌లో అనుమానమున్న గీతని ఎంచి చెరపండి: కింద ఇంకోటి ఉంటే కనిపిస్తుంది, లేకపోతే అన్‌డూ చేయండి. మూలల్లో గీతలు నిజంగా కలిశాయా అన్నది బాగా జూమ్ చేసి చూడండి. ఎండ్‌పాయింట్ స్నాప్ (గీత చివరను కచ్చితంగా పట్టుకునే ఆప్షన్) లేకుండా కంటి అంచనాతో కలిపితే అక్కడ సన్నటి ఖాళీ మిగిలి, అవుట్‌లైన్ మూసుకోలేదని కటింగ్ సాఫ్ట్‌వేర్ ఆపేస్తుంది. అంతా అయ్యాక ఆ డీఎక్స్ఎఫ్‌ని మీరు గీసిన సాఫ్ట్‌వేర్‌లో కాకుండా వేరేదానిలో తెరిచి, మొత్తం పొడవూ ఒక రంధ్రం వ్యాసమూ కొలిచి, అవి సరిపోయాకే పంపండి.