ఇంటింటికీ తిరగబోయే అమ్మడికి అత్త రాసిన ఉత్తరం

అమ్మడూ,

అమెరికా సిటిజన్‌షిప్ ప్రమాణం చేసి నెల తిరక్కుండానే రిపబ్లికన్ల తరఫున జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో ఓట్లడగడానికి ఇంటింటికీ తిరుగుతానని పేరిచ్చావట. మా తమ్ముడు, అదే మీ నాన్న, ఫోన్‌లో చెప్పగానే గుండె గుభేలుమంది. అయినా ఆ రాత్రంతా మీ మామయ్యతో నీ గొప్పే చెప్పుకున్నాను. 2020లో గ్విన్నెట్ కౌంటీలో నేను డెమోక్రాట్ల తరఫున తిరిగానని నీకు తెలుసు. నీ అభ్యర్థికి నేను ఓటెయ్యను. అయినా జార్జియాలో గుమ్మం ముందు ఎలా నిలబడాలో నీకు నేను కాక ఇంకెవరు చెబుతారు?

మెత్తటి బూట్లు వేసుకో. చీకటి పడకముందే ఇంటికి వచ్చెయ్. కరపత్రాలు మెయిల్‌బాక్సులో మాత్రం పెట్టకు, స్టాంపు లేని కాగితం అందులో వెయ్యడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. పోలింగ్ రోజున బూత్‌కి 150 అడుగుల లోపల, క్యూలో ఉన్నవాళ్ళకి మంచినీళ్ళ సీసా కూడా ఇవ్వకు. 2021లో వచ్చిన చట్టం అది.

ఇక అసలు సంగతి. 2020 డిసెంబరులో, అధ్యక్ష ఎన్నికలు అయ్యాక, సెనేట్ సీట్లకి మళ్ళీ జరిగే రనాఫ్ పోలింగ్‌కి ముందు, నాతో ఒక కుర్రాడు తిరిగేవాడు. మన తెలుగబ్బాయే, చదువుకున్నవాడు, లెక్కలన్నీ నోటికి వచ్చు. ఒక ఇంటి ముందు మాస్కులతో, తలుపు తట్టి ఆరడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాం. మిలిటరీ టోపీ పెట్టుకున్న పెద్దాయన వచ్చాడు. ఆయన వెనక జాలీ తలుపు అవతల భార్య, చేతిలో తడి తువ్వాలు. "ఓట్లు దొంగిలించారు, మళ్ళీ ఎందుకు వెయ్యాలి?" అన్నాడాయన. మావాడు ఫోన్ తీశాడు. అధ్యక్ష ఎన్నికల ఓట్లు రాష్ట్రంలో మూడుసార్లు లెక్కించారు, అందులో ఒకసారి 159 కౌంటీల్లోనూ చేత్తో లెక్కించారు, బైడెన్‌కీ ట్రంప్‌కీ మధ్య చివరికి తేలిన తేడా 11,779 ఓట్లు అని ఏకరువు పెట్టాడు. అన్నీ నిజాలే. మధ్యలో ఆవిడ మెల్లగా అంది: "ఆ చేత్తో లెక్కపెట్టినప్పుడు మా చెల్లెలు కూడా వెళ్ళింది." నేను విన్నాను. మావాడు వినలేదు, తర్వాతి అంకె చదువుతున్నాడు. పెద్దాయన మొహం ఎర్రబడింది. ఆ తర్వాత ఆవిడే ముందుకొచ్చి, భర్త భుజం మీద చెయ్యి వేసి, తలుపు మూసేసింది.

ఆ క్షణంలో మావాడు నోరు మూసుకుని "మీ చెల్లెలు ఏం చూశారండీ?" అని ఒక్క మాట అడిగి ఉంటే చాలు, మిగతాది ఆ మొగుడూ పెళ్ళాలే మాట్లాడుకునేవాళ్ళు. బయటివాళ్ళు మీదపడితే ఇంటివాళ్ళు ఒక్కటైపోతారు. ఆయన మనసు మార్చగలిగిన మనిషి ఆ ఇంట్లోనే ఉంది. ఆవిణ్ణి కూడా మావాడు అటువైపుకి తోసేశాడు.

నీకూ ఇదే ఎదురవుతుంది, వేరే రూపంలో. ఆరువారాలు దాటాక అబార్షన్ కుదరదనే జార్జియా చట్టం మీద ఎవరో ఒకావిడ నిన్ను గుమ్మంలోనే నిలదీస్తుంది. పార్టీవాళ్ళు రాసిచ్చిన కాగితం అప్పజెప్పకు. ఆవిడ ఇంట్లో ఏం జరిగిందో అడిగి, చెప్పేదంతా విను. ఎదుటివాళ్ళ మాట పూర్తవకముందే జవాబు సిద్ధంగా పెట్టుకోవడం చిన్నప్పటి నుంచీ నీ అలవాటు. మీ తాతయ్య మురిసిపోయి పెంచాడు ఆ గుణాన్ని, నేనూ ముద్దు చేశాను. ఇక్కడ మాత్రం దాన్ని కాస్త అదుపులో పెట్టుకో తల్లీ.

నువ్వు తిరగబోయే ఊరి సంగతీ తెలుసుకునే వెళ్ళు. ఫోర్సిత్ కౌంటీ నుంచి 1912లో వెయ్యిమందికి పైగా నల్లవాళ్ళని తరిమేశారు. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హొసియా విలియమ్స్ జాతివివక్షకి వ్యతిరేకంగా ముందుండి నడిపించిన ఊరేగింపు మీద అదే కమ్మింగ్ దగ్గర రాళ్ళు రువ్వారు, మరుసటి వారం వేలమంది వచ్చి మళ్ళీ నడిచారు. ఈరోజు అక్కడ మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కుని ఉగాది చేసుకుంటున్నారంటే ఆ నడక పుణ్యం కూడా ఉంది. ఏ నల్లాయనైనా తలుపు తీసి నీ పార్టీ పేరు విని మొహం ముడుచుకుంటే నొచ్చుకోకు. ఆయన మోస్తున్న జ్ఞాపకం ఏమిటో నీకు తెలిసి ఉండాలి.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటుంది. తెలుగువాళ్ళ ఇంటికి వెళితే ఉత్సాహంలో ఓటరు ఫారం చేతిలో పెట్టెయ్యకు. ముందు "మీరు సిటిజనా?" అని అడుగు. గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్ళు తెలియక సిటిజన్ అని టిక్కు పెట్టి ఓటేస్తే దేశం నుంచి పంపించేయొచ్చు. తమ్ముడికీ మరదలికీ ఇంకా గ్రీన్‌కార్డే. వాళ్ళు డ్రైవింగ్ లైసెన్సుకి వెళ్ళినప్పుడు అక్కడే ఓటరు నమోదు గురించి కూడా అడుగుతారు. నువ్వు పక్కనుండి ప్రతి గడీ చదివించు. తమ్ముడు ఫారాలు చదవకుండా సంతకం పెట్టే మనిషి, నీకు తెలియనిది కాదు.

శనివారం మొదటి వీధి అయిపోగానే ఫోన్ చెయ్. ఎవరు ఏమన్నారో పేర్లు లేకుండా అన్నీ చెప్పు. మీ మామయ్య టారిఫ్‌ల మీద నీతో వాదించాలని ఇప్పటి నుంచే కాచుకుని కూర్చున్నారు. గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను, ఆదివారం భోజనానికి వచ్చెయ్.

మీ అత్త