గొరీజియా–గ్రాడిస్కా కౌంటీలో ఎవరుండేవారు? ఇప్పుడది ఏ దేశంలో ఉంది?

ఇప్పుడది ఇటలీ, స్లొవేనియాల మధ్య చీలిపోయి ఉంది. 1500లో దాన్ని ఏలిన చివరి కౌంట్ లియొన్‌హార్డ్ వారసులు లేకుండా చనిపోవడంతో గొరీజియా ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గ్ వంశం చేతికొచ్చింది. నెపోలియన్ కాలం తప్పిస్తే 1918 దాకా వాళ్లదే.

1910 జనగణన నాటికి కౌంటీలో సుమారు రెండున్నర లక్షల మంది. అందులో దాదాపు 60 శాతం స్లొవేన్లు, మిగతావారిలో ఎక్కువమంది ఇటాలియన్, లేదా ఇటాలియన్‌కు దగ్గరి స్థానిక భాష ఫ్రియూలియన్ మాట్లాడేవారు. అయితే ఆ లెక్కల్లో అడిగింది జాతి కాదు, రోజూ మాట్లాడే భాష. అందుకే గొరీజియా పట్టణంలో ఆ అంకెల మీద పెద్ద గొడవే జరిగింది. వాటిని జాతుల లెక్కగా చదవకండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915–17లో, ఇక్కడి ఇసోంజో నది వెంట ఇటలీకి, ఆస్ట్రియా–హంగరీకి మధ్య 12 యుద్ధాలు జరిగి ఊళ్లకు ఊళ్లే నేలమట్టమయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో గొరీజియా పట్టణం చాలావరకు ఇటలీకి, చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కువ భాగం అప్పట్లో స్లొవేనియా భాగంగా ఉన్న యుగోస్లావియాకు వెళ్లాయి. పట్టణం దూరమైన ఆ పల్లెల కోసం సరిహద్దుకు యుగోస్లావియా వైపున నోవా గోరిత్సా అనే కొత్త పట్టణం కట్టారు.