షార్జా నుంచి మస్కట్‌కు ఉద్యోగం మారుతున్నా: బ్యాంకు ఖాతాలు, డబ్బు సంగతి ఏం చేయాలి?

తమ్ముడూ, నువ్వు రాసిందంతా చదివాను. షార్జాలో ఆరేళ్లు చేశావు, ఇప్పుడు మస్కట్‌లో పని దొరికింది. అక్కడి ఖాతా మూసేయాలా, సెటిల్‌మెంట్ డబ్బు (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ లెక్క చూసి ఇచ్చేది) ఒమన్‌కు తీసుకెళ్లాలా ఇంటికి పంపాలా, వరంగల్‌లోని ఎన్‌ఆర్‌ఈ ఖాతాను (విదేశంలో సంపాదించింది వేసుకునే ఇండియా ఖాతా) మార్చాలా, క్రెడిట్ కార్డు బాకీ ఏం చేయాలి అని అడిగావు. నాన్న పేరు మీద మూడు రూపాయల వడ్డీ అప్పు ఇంకా ఉందని కూడా చివర్లో రాశావు. మాది మెట్‌పల్లి దగ్గర. నేనూ దుబాయ్‌లో చేసి తర్వాత మస్కట్‌కు మారినవాణ్నే, ఇప్పుడు ఊర్లోనే ఉంటున్నా.

అన్నిటికంటే ముఖ్యం, వీసా క్యాన్సిలేషన్ కాగితం మీద సంతకం పెట్టకముందే బ్యాంకు పనులు, ఫోన్ నంబరు పనులు పూర్తి చేసుకో. యూఏఈలో సిమ్, బ్యాంకు ఖాతా, డబ్బు పంపే ఎక్స్ఛేంజ్ యాప్ అన్నీ ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) మీదే నడుస్తాయి. అది చెల్లకుండా పోయాక బ్యాంకు ఖాతాను ఆపేస్తుంది, సిమ్ కూడా ఎక్కువ రోజులు ఉండదు, సిమ్ పోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే డబ్బు ఖాతాలో కనబడుతున్నా తీయలేవు. మా రూమ్‌లో ఆర్మూర్ అతను ఒకరుండేవారు. క్యాన్సిల్ చేయించుకుని ఇంటికొచ్చేశాక ఆయన ఆఖరి జీతం, గ్రాట్యుటీ (చేసిన ఏళ్లను బట్టి చివర్లో కంపెనీ ఇచ్చే డబ్బు) ఖాతాలో పడ్డాయి, అప్పటికి సిమ్ లేదు. చివరికి విజిట్ వీసా మీద మళ్లీ వెళ్లి బ్రాంచిలో కూర్చుని తీసుకోవాల్సి వచ్చింది, టికెట్టు ఖర్చు, వీసా ఖర్చు అందులోంచే పోయాయి. అందుకే సెటిల్‌మెంట్ పడేవరకు అక్కడే ఉండేలా చూసుకో, డబ్బు పడకముందే 'నాకు రావాల్సినవన్నీ ముట్టాయి' అని రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు. అక్కడి చట్టం ప్రకారం కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లోగా కంపెనీ మొత్తం ఇచ్చేయాలి.

గ్రాట్యుటీ ఎంతొస్తుందో నువ్వే ముందుగా లెక్క వేసుకో. మనవాళ్లు చాలామంది చేతికొచ్చే మొత్తం జీతం మీద లెక్క వేసుకుని, తర్వాత తక్కువొచ్చిందని బాధపడతారు. అది బేసిక్ (అలవెన్సులు కలపని జీతం) మీదే లెక్కిస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజులు. నీ బేసిక్ 1,500 దిర్హమ్‌లు అనుకుంటే రోజుకు 50, ఆరేళ్లకు 135 రోజులు, అంటే 6,750 దిర్హమ్‌లు. మిగిలిన సెలవుల డబ్బు వేరే.

ఇక కార్డు బాకీ. దీన్ని అస్సలు వదిలేసి వెళ్లకు. ఫైనల్ సెటిల్‌మెంట్ పడగానే, బాకీ ఉందని బ్యాంకు ఖాతాలోని మొత్తం డబ్బును పట్టి పెడుతుంది, కార్డు బాకీ రెండు వేలే అయినా పదివేలు ఆగిపోవచ్చు. కాబట్టి ఇప్పుడే బ్యాంకుకు వెళ్లి మొత్తం ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకుని, కట్టేసి, కార్డు రద్దు చేయించి, బాకీ ఏమీ లేదనే క్లియరెన్స్ లెటర్ అడుగు. ఆ లెటర్ రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, అందుకే నోటీసు పీరియడ్ మొదట్లోనే మొదలుపెట్టాలి. 'వేరే దేశం పోతున్నాం కదా, ఎవరు పట్టుకుంటారు' అనేవాళ్లు క్యాంపులో ఎప్పుడూ ఉంటారు, వాళ్ల మాట వినకు. మస్కట్ పక్కనే, ఎప్పుడో ఒకసారి దుబాయ్ ఎయిర్‌పోర్టులో దిగాల్సే వస్తుంది, కేసు ఉంటే అక్కడే ఆపుతారు. పైగా 2020 జనవరి నుంచి యూఏఈ కోర్టుల సివిల్ డిక్రీలను, అంటే బాకీ కట్టమనే లాంటి తీర్పులను, మన దేశంలోని జిల్లా కోర్టుల ద్వారా అమలు చేయించే వీలు వచ్చింది, అంటే ఆ బాకీ వరంగల్ దాకా కూడా రావచ్చు.

బాకీ తీరాక ఆ ఖాతాను మూసేయడమే మంచిదని నా అభిప్రాయం. అక్కడ ఐడీ లేకుండా ఖాతా నడపడం తలనొప్పి, మినిమమ్ బ్యాలెన్స్ లేదని ఛార్జీలు కూడా వేస్తూ పోతారు. డబ్బును మాత్రం దిర్హమ్ నుంచి రియాల్, మళ్లీ రియాల్ నుంచి రూపాయి అని తిప్పకు, రెండుసార్లు మార్జిన్ పోతుంది. ఒమన్ రియాల్, దిర్హమ్ రెండూ డాలరుకు కట్టేసిన కరెన్సీలే, డాలరుకు 3.6725 దిర్హమ్‌లు, ఒక రియాల్‌కు 2.6008 డాలర్లు. ఆ లెక్కన ఒక రియాల్ దాదాపు 9.55 దిర్హమ్‌లు, అది రేపూ అంతే ఉంటుంది, రేటు పెరుగుతుందేమోనని ఆగాల్సిన పని లేదు. ఎక్స్ఛేంజ్ వాడు దానికంటే ఎంత ఎక్కువ అడుగుతున్నాడో అది ఒక్కటి చూసుకో. ఒమన్‌లో రెసిడెంట్ కార్డు వస్తే గానీ ఖాతా తెరవరు, ఆ తర్వాత మొదటి జీతం పడాలి. కాబట్టి రెండు మూడు నెలల తిండికి, రూమ్ అద్దెకు సరిపడా రియాల్స్ చేతిలో పెట్టుకుని మిగతాదంతా షార్జా నుంచే నేరుగా ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు పంపేయి. దయచేసి హుండీలో (బ్యాంకుతో పని లేకుండా ఏజెంట్ల చేత చాటుగా పంపడం) మాత్రం వేయకు. వాళ్లు మన ఖాతాలో వేసే డబ్బు ఎవరిదో తెలియదు, అది సైబర్ మోసం డబ్బు అయితే పోలీసులు ఖాతాను ఫ్రీజ్ చేస్తారు, ఇంట్లో వాళ్లు స్టేషన్ల చుట్టూ తిరగాలి. వదిలిపోయే ఏటీఎం కార్డును 'వాడుకోరా' అని రూమ్‌మేట్‌కు ఇవ్వడం కూడా అంతే ప్రమాదం.

వరంగల్ ఎన్‌ఆర్‌ఈ ఖాతా గురించి టెన్షన్ వద్దు. ఏ దేశంలో ఉన్నా ఎన్‌ఆర్‌ఐ ఎన్‌ఆర్‌ఐనే, ఖాతా అలాగే నడుస్తుంది, వడ్డీకి మన దగ్గర పన్ను లేదు. అయితే కేవైసీలో కొత్త అడ్రసు, ఒమన్ రెసిడెంట్ కార్డు కాపీ, ఏ దేశంలో పన్ను నివాసి అనే డిక్లరేషన్ ఇవ్వాలి. ఆ బ్యాంకులో ఇచ్చిన నంబరు షార్జాదే అయితే బయల్దేరకముందే ఇండియా నంబరుకు మార్చెయ్, ఆ సిమ్‌కు రీఛార్జ్ వేయిస్తూ ఉండమని ఇంట్లో చెప్పు, ఆధార్ ఓటీపీకి కూడా అదే కావాలి. తర్వాత ఒమన్ నంబరు ఇచ్చినా పర్లేదు, విదేశీ నంబర్లతో యూపీఐకి 2023 జనవరిలో అనుమతిచ్చిన పది దేశాల్లో ఒమన్ ఉంది. కువైట్, బహ్రెయిన్ ఆ మొదటి జాబితాలో లేవు. వెళ్లకముందు తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతా అలాగే పడి ఉంటే దాన్ని ఎన్‌ఆర్‌ఓగా (ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్‌ఆర్‌ఐలు పెట్టుకునే ఖాతా) మార్పించుకో, ఎన్‌ఆర్‌ఐలు మామూలు ఖాతా నడపకూడదు. ఒమన్‌లో ఇన్‌కం ట్యాక్స్ వస్తోందని ఎవరైనా భయపెడితే, అది 2028 నుంచి, ఏడాదికి 42,000 రియాల్స్ దాటిన ఆదాయం మీద. మనలాంటి వాళ్లకు తగలదు.

ఇంటికి చేరిన డబ్బుతో చాలామంది ముందు ఎకరమో అరెకరమో చూస్తారు. ఎన్‌ఆర్‌ఐగా ఉన్నంతకాలం వ్యవసాయ భూమి మన పేరు మీద కొనడానికి వీల్లేదు, వారసత్వంగా రావచ్చు గానీ కొనకూడదు. అదలా ఉంచి, నీ విషయంలో భూమీ వద్దు, ఫిక్స్‌డ్ డిపాజిట్టూ వద్దు, ముందు ఆ అప్పు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, బ్యాంకు ఇచ్చేది ఏడు అటూ ఇటూ. గ్రాట్యుటీ వచ్చిన వారంలోనే నాన్నతో అసలు కట్టించేయి. ఖాతా నుంచి ఖాతాకు పంపమను, నగదు వద్దు, అదే రోజు ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని చింపేయకుండా, 'పూర్తిగా ముట్టింది' అని దాని వెనక రాయించి సంతకం పెట్టించుకుని ఇంట్లో దాచమను.